అమ్మకానికి కోట, కాగితాలు లేవు

2000 ప్రాంతంలో ఈబే వేలాల్లో ఒక వింత మాట కనిపించేది. అమ్మకానికి పెట్టిందేమో ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో ఒక కత్తి, లేదా ఒక కవచం, లేదా యాభయ్యో లెవెల్ దాకా పెంచి పెద్దచేసిన ఒక మాంత్రికుడు. వివరాల కింద అమ్మేవాడు రాసుకునే మాట మాత్రం దాదాపు ఇదీ: ఈ వస్తువు నాది కాదు, ఆట కంపెనీది; మీరు డబ్బిస్తున్నది దీన్ని సంపాదించడానికి నేను పెట్టిన సమయానికీ, పడ్డ శ్రమకీ. ఒకరు రాసింది చూసి మరొకరు, వాళ్ళను చూసి ఇంకొకరు రాసుకుంటూ పోయారు. సంతకి గేదెను తోలుకొచ్చి, గేదె నాది కాదండీ, దీనికి ఇన్నేళ్ళు గడ్డి వేసిన చాకిరీని మీకు అమ్ముతున్నా, గేదె దానంతటదే మీ వెంట వస్తుంది అన్నట్టు.

నవ్వొస్తుంది గానీ, ఆట అకౌంట్లు అమ్ముకోవడమనే పాతికేళ్ళు పైబడిన వ్యాపారమంతా ఆ మాటలో ఇరుక్కుని ఉంది. సొంతం కానిదాన్ని అమ్మడం ఎలా? దానికి ధర కట్టడం ఎలా? అమ్మాక వెనక్కి లాక్కోడని కొన్నవాడు నమ్మడం ఎలా?

నేనీ పాత సంగతులు తవ్వడానికి కారణం మా పిన్ని కొడుకు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, కూకట్‌పల్లిలో హాస్టల్. నాలుగేళ్ళుగా ఫోన్‌లో ఒక బ్యాటిల్ రాయల్ ఆట ఆడుతున్నాడు (ఏ ఆటో చెప్పను, అవసరం లేదు). మొన్న వేసవిలో దాన్ని వదిలించుకుని ఒక సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనుక్కోవాలనుకున్నాడు. వాళ్ళు అకౌంట్ అనరు, ఐడీ అంటారు. "అన్నా, ఐడీ అమ్మాలె. ఎంతొస్తది? మోసపోకుండ ఎట్ల అమ్మాలె?" అని అడిగాడు. కంపెనీ నిబంధనల్లో అమ్మకూడదని ఉంటుంది కదరా అంటే, "నాల్గేండ్లు ఆడింది నేను. నాది నేను అమ్ముకుంటే వాళ్ళకేంది?" అన్నాడు.

ఎంతకి, ఎలా అనే రెండు ప్రశ్నలకూ జవాబులు వెతకొచ్చు. విసుగ్గా అన్న ఆ మూడోదే అసలుది, అన్నిటికంటే పాతది కూడా.

1997 సెప్టెంబరులో ఆల్టిమా ఆన్‌లైన్ వచ్చింది. రిచర్డ్ గారియట్ అప్పటికి పదిహేనేళ్ళ పైనుంచీ తయారుచేస్తున్న ఆల్టిమా ఆటలకు ఇంటర్నెట్ రూపం. అంతకుముందు కూడా నెట్‌లో ఆటలున్నాయి, కానీ ఇందులో బ్రిటానియా అనే దేశం ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. మీరు కంప్యూటర్ కట్టేసి పడుకున్నా అక్కడ పొద్దు పొడుస్తుంది, దొంగలు తిరుగుతారు, మీ ఇల్లు మీ ఇల్లుగానే ఉంటుంది. అవును, ఇల్లు. ఆటలో సంపాదించిన బంగారంతో దస్తావేజు కొనుక్కుని, ఖాళీ జాగా వెతుక్కుని ఇల్లు కట్టుకోవచ్చు. గుడిసె నుంచి కోట దాకా. కంపెనీ వాళ్ళు ఊహించనిది ఏమిటంటే, జనం వచ్చిపడేసరికి జాగా అయిపోయింది. కంప్యూటర్లో గీసిన నేల, ఇంకో వెయ్యి ఎకరాలు గీస్తే పోయేదేముంది అనిపిస్తుంది మనకి. కానీ ఆటగాళ్ళకు దొరికే నేల మాత్రం కొలిచి పెట్టిందే. కొలత ఉన్నచోట కొరత, కొరత ఉన్నచోట ధర. హైదరాబాదులో ఉంటున్నవాళ్ళకు ఈ సూత్రం ఎవరూ వివరించనక్కర్లేదు.

ఆ ఇళ్ళు ఈబేకి చేరాయి. ఈబే కూడా అప్పటికి పసిదే, 1995లో పుట్టింది. రెండు కొత్త వస్తువులు ఒకదాన్నొకటి కనుక్కున్నాయి.

జూలియన్ డిబెల్ అనే రచయిత 2003 జనవరి వైర్డ్ పత్రికలో రాసిన ఒక ఉదంతం నాకు ఈ చరిత్ర మొత్తానికీ గుండెకాయలా కనిపిస్తుంది. ఇండియానాపోలిస్‌లో ఒక వడ్రంగి. పగలంతా కట్టడాల దగ్గర కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే పని. రాత్రి ఇంటికొచ్చి బ్రిటానియాలో కమ్మరి పని. నెలల తరబడి ఇనుము తవ్వి, సమ్మెట కొట్టి, అమ్మి, కూడబెట్టి చివరికి ఒక బురుజు కట్టుకున్నాడు. పగటి పనికీ రాత్రి ఆటకూ తేడా ఏమిటో నాకైతే అర్థం కాదు, బహుశా రాత్రి పనిలో మేస్త్రీ ఉండడు. కొంతకాలానికి అతను అకౌంట్ అమ్మేశాడు. 500 డాలర్లకి. కొన్నది ఇలాంటివి కొని అమ్మడమే వృత్తిగా పెట్టుకున్న ఒక వ్యాపారి. అతను ఆ అకౌంట్ని విడగొట్టి, అందులోని బురుజు ఒక్కదాన్నే 750 డాలర్లకు ఇంకొకరికి అమ్మాడు.

ఇందులో మోసం ఏమీ లేదు. వడ్రంగికి న్యాయమైన ధరే వచ్చిందా, రాలేదా? అకౌంట్ని మూటగా అమ్మితే ఒక లెక్క, విప్పి విడివిడిగా అమ్మితే ఒక లెక్క. పాత కారు, పాత కారు సామాన్లు లాంటిది. విప్పడం తెలిసినవాడికి లాభం, మూట కట్టినవాడికి కాదు. ఆటలో ఎన్ని రాత్రులు గడిచాయన్నది ఇద్దరి లెక్కలోనూ లేదు.

మరి ధర దేన్నిబట్టి? 2001 డిసెంబరులో ఎడ్వర్డ్ కాస్ట్రోనోవా అనే ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు దీన్ని లెక్కగట్టాడు. కాలిఫోర్నియాలో పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రాలు ఎవర్‌క్వెస్ట్ ఆడుతూ, ఆటగాళ్ళు తమ పాత్రల్నీ ఆటలోని నాణేల్నీ అమ్ముకుంటున్న ధరల్ని ఏరి ఒక పరిశోధన పత్రం రాశాడు. ఆట జరిగే ఊహాలోకం పేరు నోరాత్. అక్కడి నాణెం ఒకటి డాలరులో నూరో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంటే ఆనాటి జపాన్ యెన్ కంటే, ఇటలీ లీరా కంటే విలువైనది. అక్కడ గంటసేపు రాక్షసుల్ని చంపితే వచ్చే కూలి 3.42 డాలర్లు. తలసరి ఉత్పత్తి రష్యాకూ బల్గేరియాకూ మధ్య ఎక్కడో తేలింది. ఇండియా, చైనాలు దానికి కింద ఉన్నాయి. ఎక్కడా లేని దేశంలో ఒక పిశాచం మనకంటే నయంగా బతుకుతోందన్నమాట.

ఆ పత్రం గురించి రాసినవాళ్ళందరూ ఈ పోలికనే పట్టుకున్నారు. నన్ను ఆపింది మాత్రం లోపలి చిన్న అంకె ఒకటి: పాత్ర ఒక్కో లెవెల్ పెరిగితే వేలంలో ధర సుమారు 13 డాలర్లు పెరుగుతోంది. అమ్మేవాడి కష్టం కాదు, కొనేవాడు తప్పించుకునే కష్టం. ఆ రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ కావు. రెండు రోజుల్లో ఒక లెవెల్ ఎక్కినవాడికీ, చేతకాక పదిరోజులు తంటాలు పడ్డవాడికీ వచ్చేది అదే పదమూడు. ఈబే వాళ్ళు 'నా సమయాన్ని అమ్ముతున్నా' అని ఎంత రాసుకున్నా, సమయాన్ని కొంటున్నవాడెవడూ లేడు.

కాస్ట్రోనోవా ఆ తర్వాత ఇంకో పత్రంలో ఆడ పాత్రల ధర, మగ పాత్రల ధర పోల్చాడు. అదే లెవెల్, అదే బలం. ఆటలో ఆడామగా తేడాకి ఏ ప్రభావమూ లేదు, పాత్రను సృష్టించేటప్పుడు ఒక్క నొక్కుతో ఎంచుకునేదే. అయినా ఆడ పాత్రలు తక్కువకు పోతున్నాయి. దీనిమీద నేను వేరే వ్యాఖ్యానం చేయను. న్యాయమైన ధర అంటే మార్కెట్లో పలికే ధరే అని నమ్మేవాళ్ళు ఒకసారి తలుచుకోవాల్సిన పత్రం.

సరే, మావాడి ప్రశ్నకొద్దాం. నాది నేను అమ్ముకుంటే వాళ్ళకేంటి?

కంపెనీల జవాబు మొదట్నుంచీ ఒకటే: నీది కాదు. నువ్వు 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కిన పత్రంలో ఉంది, నీకిచ్చింది వాడుకునే అనుమతి మాత్రమే. 2001 మొదట్లో సోనీ అడిగితే ఈబే ఎవర్‌క్వెస్ట్ వేలాలను తీసేసింది. 2002లో బ్లాక్‌స్నో అనే వ్యాపార సంస్థ డార్క్ ఏజ్ ఆఫ్ కామెలాట్ ఆట తయారుచేసిన మిథిక్ కంపెనీ మీద కోర్టుకెళ్ళింది. వాళ్ళ వాదన: ఆటగాడి సమయం మీద హక్కు ఆటగాడిదా, కంపెనీదా తేల్చండి. గొప్ప ప్రశ్నే. అడిగినవాళ్ళు మాత్రం అంత గొప్పవాళ్ళు కారు. మెక్సికోలోని తిహువానాలో కూలికి మనుషుల్ని పెట్టి ఆడిస్తూ, వాళ్ళు సంపాదించింది అమ్ముకునేవాళ్ళు. తమ సమయం కాని సమయం గురించి వాదించారు. కేసు తీర్పు దాకా రాలేదు.

అనుమతి మాత్రమే, అమ్మే హక్కు లేదు అనే మాట మన దగ్గర వినని ఊరుండదు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి దున్నుకోవచ్చు, పిల్లలకు వారసత్వంగా ఇవ్వొచ్చు, అమ్మడానికి మాత్రం వీల్లేదని ఆంధ్రప్రదేశ్‌లో 1977లోనే చట్టం వచ్చింది. వీల్లేదన్నంత మాత్రాన అమ్మకాలు ఆగాయా? తెల్లకాగితం మీద రాసుకున్నారు, సాక్షులు వేలిముద్రలు వేశారు, భూమి చేతులు మారింది. కొన్నవాడికి పట్టా రాదని ఇద్దరికీ తెలుసు కాబట్టి ధర సగమో, అంతకంటే తక్కువో. రిజిస్ట్రేషన్ ఖర్చు లేక, ఆఫీసుల చుట్టూ తిరగలేక మామూలు పట్టా భూముల్ని కూడా అలా సాదా కాగితం మీద కొన్నవాళ్ళు తెలంగాణలో లెక్కలేనంత మంది. సాదా బైనామా అంటే అదే. 2020లో ప్రభుత్వం వాటిని క్రమబద్ధీకరిస్తామని దరఖాస్తులు తీసుకుంటే సూర్యాపేట దగ్గర మా పిన్ని వాళ్ళ మామగారు కూడా నలభై ఏళ్ళనాటి కాగితం మడతలు విప్పి పట్టుకెళ్ళారు. అసైన్డ్ చట్టం పేదవాణ్ణి కాపాడటానికి పుట్టింది, ఆట కంపెనీల నిబంధన కంపెనీని కాపాడటానికి. ఆ తేడా మర్చిపోకూడదు. కానీ బజారులో రెండూ చేసే పని ఒకటే: అమ్మకాన్ని ఆపవు, అమ్మేవాడికొచ్చే డబ్బుని కోస్తాయి.

ఇక్కడొక మెలిక ఉంది. ఆటలో బంగారమైతే ఆటలోనే చేతికివ్వొచ్చు. బ్రిటానియాలో ఇద్దరూ ఒకచోట కలుసుకుని, ఒకరు సంచి ఇస్తే ఇంకొకరు తీసుకుంటారు, పని అయిపోతుంది. అకౌంట్ అలా కాదు. అది చేతికిచ్చేది కాదు. నేను ఇవ్వగలిగింది పాస్‌వర్డ్ మాత్రమే. కంపెనీ పుస్తకాల్లో అది ఎప్పటికీ నా పేరునే ఉంటుంది. మొదటి ఈమెయిల్ నాది, ఆట కొన్న రసీదు నాది, రహస్య ప్రశ్నకు జవాబు నాది. రేపు నేను కంపెనీకి ఒక ఉత్తరం రాసి, అయ్యా నా అకౌంట్ ఎవరో కాజేశారు, ఇదిగో రసీదు అంటే, వాళ్ళు దాన్ని తిరిగి నాకే ఇచ్చేస్తారు. కంపెనీ కళ్ళతో చూస్తే అదే న్యాయం. కొన్నవాడు ఎవరికి చెప్పుకుంటాడు? నిషేధించిన పని చేశానని తనే ఒప్పుకోవాలి.

అంటే అకౌంట్ కొన్నవాడు నిజంగా కొన్నది 'నేను మళ్ళీ రాను' అనే అమ్మినవాడి మాట. అమ్మేవాడి వైపు భయం వేరు: పాస్‌వర్డ్ ఇచ్చాక డబ్బు రాకపోతే? వచ్చిన డబ్బు వెనక్కి పోతే? పేపాల్‌లో, క్రెడిట్ కార్డులో చెల్లింపుని రద్దు చేయించుకునే వీలుంది కదా. నెల తర్వాత 'ఆ కార్డు చెల్లింపు నేను చేసింది కాదు' అంటే డబ్బు వెనక్కెళ్ళిపోతుంది, అకౌంట్ మాత్రం రాదు.

కొనేవాడికి మంచి సరుకేదో చెడ్డదేదో తెలియని చోట, అన్నిటికీ చెడ్డ సరుకు ధరే కడతాడని జార్జ్ అకెర్లాఫ్ 1970లో సెకండ్‌హ్యాండ్ కార్లను ఉదాహరణగా తీసుకుని రాశాడు. నిజాయితీగా అమ్మేవాడికి ఆ ధర గిట్టదు, తప్పుకుంటాడు. మిగిలేది దొంగలు, అందువల్ల ధర ఇంకా పడుతుంది. రాసేముందు అకెర్లాఫ్ ఒక ఏడాది ఢిల్లీలో ఉన్నాడు, ఆ వ్యాసంలో మన పల్లెటూరి వడ్డీ వ్యాపారి కూడా కనిపిస్తాడు: ఎవడు తిరిగి కడతాడో ఎవడు ఎగ్గొడతాడో తెలిసింది అతనొక్కడికే కాబట్టి అతను అడిగిందే వడ్డీ. మూడు పత్రికలు తిప్పికొట్టిన ఆ వ్యాసానికి 2001లో నోబెల్ వచ్చింది. కాస్ట్రోనోవా నోరాత్ లెక్కలు వేసిందీ అదే ఏడాది.

అలాంటి సంతలో వడ్డీ వ్యాపారి స్థానంలోకి మధ్యవర్తి రావడం సహజం. 1999లోనే ప్లేయర్ ఆక్షన్స్ లాంటివి మొదలయ్యాయి. కొనేవాడి డబ్బు తమ దగ్గర పట్టుకుని, అకౌంట్ చేతికొచ్చిందని అతను చెప్పాక అమ్మినవాడికిచ్చే పద్ధతి, ఎస్క్రో, ఈ రంగంలో నిలబడింది. నమ్మకానికి కమీషన్. ఐజీఈ అనే ఇంకో సంస్థ హాంకాంగ్ నుంచి ఆటల బంగారాన్ని టోకున కొని అమ్మే స్థాయికి పెరిగింది. 2006లో గోల్డ్‌మన్ శాక్స్ అందులో కోట్ల డాలర్లు పెట్టింది. ఆ బేరం కుదిర్చినాయన స్టీవ్ బానన్, తర్వాత వైట్‌హౌస్‌లో కనిపించాడు. వ్యాపారం అంతెత్తుకి వెళ్ళాక అట్టడుగున ఉన్నదెవరో కూడా డిబెలే వెతికాడు. 2007లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌కి ఆయన నాన్జింగ్ నుంచి రాసిన కథనంలో, రాత్రంతా పన్నెండు గంటలు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడే కుర్రాళ్ళకు గిట్టేది గంటకు 30 సెంట్లు. నోరాత్‌లో 3.42 డాలర్లన్న కూలి ఆరేళ్ళలో ఇలా తేలింది. (అంతకుముందు డిబెల్ తనే ఏడాదిపాటు ఆల్టిమా వస్తువుల వ్యాపారం చేసి, చివరి నెలలో 3,900 డాలర్ల పైచిలుకు మిగుల్చుకున్నాడు. ప్లే మనీ అనే పుస్తకం దాని గురించే.)

అదే 2007లో ఇంకో రెండు సంగతులు. జనవరిలో ఈబే అన్ని ఆటల సరుకునీ వేలాల నుంచి తీసేస్తున్నట్టు చెప్పింది. ఆ తర్వాత వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో జ్యూజో అనే పేరున్న పాత్ర సుమారు 7,000 యూరోలకు అమ్ముడుపోయిందని వార్తలొచ్చాయి. కొద్ది రోజులకే కంపెనీ ఆ అకౌంట్ మూసేసింది. డబ్బు పోయింది కొన్నవాడిదే. భారీ ధర పలికి ఊరందరికీ తెలియడమే దాని ప్రాణం తీసింది. అంటే ఈ సంతలో ప్రచారం కూడా ప్రమాదమే. మామూలు వస్తువుకి పేరొస్తే ధర పెరుగుతుంది, దీనికి పేరొస్తే పోలీసొస్తాడు.

పోలీసంటే గుర్తొచ్చింది. తూర్పు ఆసియాలో ఇదంతా నిజం కోర్టుల దాకా వెళ్ళింది. 2003లో బీజింగ్ కోర్టు ఒకటి, రెడ్ మూన్ అనే ఆటలో ఒక ఆటగాడు పోగొట్టుకున్న ఆయుధాలను తిరిగి ఇమ్మని కంపెనీని ఆదేశించింది. 2005లో షాంఘైలో ఒకతను ఆటలోని కత్తిని స్నేహితుడికి అరువిస్తే, ఆ స్నేహితుడు దాన్ని 7,200 యువాన్‌లకు అమ్మేసుకున్నాడు. పోలీసుల దగ్గరికెళ్తే అలాంటి ఆస్తిని కాపాడే చట్టమేదీ లేదన్నారు. అతను ఆ స్నేహితుణ్ణి నిజం కత్తితో పొడిచి చంపాడు. ఈ కథని ఆటల వ్యసనానికి ఉదాహరణగా చెప్తుంటారు. నాకు కనిపించేది వేరు, పోలీస్ స్టేషన్ మెట్లు దిగి వస్తున్న మనిషి. దక్షిణ కొరియాలో 2009 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు లీనియేజ్ ఆటలోని డబ్బును కొని అమ్మిన ఇద్దరిని నిర్దోషులన్న కింది తీర్పును నిలబెట్టింది. ఆడి సంపాదించింది జూదం కాదు అని.

కంపెనీలు మాత్రం ఊరికే కూర్చున్నాయా? అన్నిటికంటే వింత సోనీదే. 2001లో వేలాలు తీయించిన సోనీ 2005లో ఎవర్‌క్వెస్ట్ రెండో ఆట కోసం తనే ఒక సంత తెరిచింది, స్టేషన్ ఎక్స్‌ఛేంజ్ అని. కొన్ని సర్వర్లలో ఆటగాళ్ళు తమ పాత్రల్ని డాలర్లకు అమ్ముకోవచ్చు, సోనీ కమీషన్ తీసుకుని పాత్రను కొన్నవాడి అకౌంట్‌కి మార్చి పెడుతుంది. నిషేధం వల్ల అమ్మకాలు ఆగలేదు, మోసపోయినవాళ్ళ ఫిర్యాదులు మాత్రం వచ్చి పడుతున్నాయి, ఆ సమయానికి డబ్బైనా వసూలు చేద్దామన్న లెక్క. ఐస్‌లాండ్ వాళ్ళ ఈవ్ ఆన్‌లైన్ ఆటలో ఇంకా పద్ధతైన ఏర్పాటుంది. అక్కడ పాత్రను ఆటలోని డబ్బుకి మాత్రమే అమ్మొచ్చు. అమ్మేవాడు ముందుగా చెప్పాల్సినవి కొన్నున్నాయి: పాత్ర ఖాతాలో అప్పు లేదు, దాన్ని వేటాడే హక్కు ఎవరికీ లేదు, ఇప్పుడు ఫలానా చోట ఉంది. చదువుతుంటే ఇల్లు కొనేముందు తీసే ఈసీ గుర్తొచ్చింది. బదిలీ చేసేది కంపెనీయే కాబట్టి, అమ్మినవాడు రసీదు పట్టుకుని వెనక్కొచ్చే దారి లేదు. ఈ మొత్తం చరిత్రలో భద్రమైన అమ్మకం అంటే అదొక్కటే. మిగతావన్నీ తక్కువ ప్రమాదం, ఎక్కువ ప్రమాదం, అంతే.

మన దగ్గరికి వచ్చేసరికి ఆటలు ఉచితమయ్యాయి, ఫోన్లోకి వచ్చాయి. ఉచితం అనేది ఉత్త మాట, లోపల బట్టలూ తుపాకుల రంగులూ కొనాలి. వాటితో బలం పెరగదు, అందం మాత్రమే. అందుకే ఐడీ అమ్మే ప్రకటనల్లో లెవెల్ గురించి కంటే గ్లేసియర్ రంగు తుపాకి ఉందా, అది ఎన్నో దశలో ఉంది అన్నదే ముందుంటుంది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీతో సహా 118 యాప్‌లను నిషేధించింది. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చి, పాత అకౌంట్లలోని సరుకుని మార్చుకోనిచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ వంతు. అదే జులై చివర్లో బీజీఎంఐ కూడా యాప్ స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో మళ్ళీ కనిపించింది. అమెరికా ఆటగాడు భయపడాల్సింది కంపెనీకి, కొన్నవాడికి. మనవాడు వీళ్ళతో పాటు ఢిల్లీ నుంచి వచ్చే ఉత్తర్వుకి కూడా భయపడాలి. ధర కట్టేటప్పుడు ఇది కూడా కోత వేస్తుంది.

మావాడితో కూర్చుని ధర చూశాం. అడిగే ధరలు చూడొద్దు, అమ్ముడుపోయినవి చూడు అన్నాను. అడిగేవాళ్ళు ఇరవై వేలు, ముప్పై వేలు అంటున్నారు. నిజంగా చేతులు మారినవి, వాడికి తెలిసినంతలో, ఎనిమిది పది వేలు. ఆటలో వాడు సొంత డబ్బు పెట్టి కొన్నవే పదకొండు వేలవి ఉన్నాయి, పండగలకి మేనమామలిచ్చినవి, స్కాలర్‌షిప్‌లోంచి తీసినవి. ఆ లెక్క నోటుపుస్తకంలో రాసి చూపిస్తే, రాయడం అనవసరం, కొనేవాడు ఇది చూడడు అని చెప్పాల్సి వచ్చింది.

బేరాలు మూడొచ్చాయి. ఒకడు 9,000 ఇస్తానన్నాడు, కానీ ముందు లాగిన్ ఇస్తే సరుకు చెక్ చేసుకుంటానన్నాడు. చెక్ చేసుకోడానికి లాగిన్ ఎందుకు, స్క్రీన్ రికార్డు చేసి పంపుతా అంటే మళ్ళీ పలకలేదు. ఇంకొకడు పేరున్న మిడిల్‌మ్యాన్ ద్వారా చేద్దామన్నాడు. ఆ మధ్యవర్తి టెలిగ్రామ్ పేరులో ఒక అక్షరం తేడా ఉంది, చిన్న ఎల్ ఉండాల్సిన చోట పెద్ద ఐ. అంతేకాదు, ఐడీ ప్రూఫ్‌గా ఆధార్ ఫోటో పంపమన్నాడు. ఆట ఐడీ అమ్మబోయి అసలు ఐడీ ఇవ్వడం ఏంటి? 2006లో కొరియాలో వేలమంది గుర్తింపు సంఖ్యలు దొంగిలించి వాళ్ళకు తెలియకుండానే లీనియేజ్ అకౌంట్లు తెరిచిన గొడవ చెప్పి, వద్దన్నాను. యూపీఐ సంగతి వాడికే నాకంటే బాగా తెలుసు: పంపినట్టు స్క్రీన్‌షాట్ ఎవడైనా తయారుచేస్తాడు, బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూసుకునేదాకా డబ్బు వచ్చినట్టు కాదు, డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు.

మూడోది వాడి స్క్వాడ్‌లో నాలుగేళ్ళుగా కలిసి ఆడుతున్న కుర్రాడు, వరంగల్‌లో ఉంటాడు. 6,500. నగదు, ఎదురుగా. తెలిసినవాడికి నమ్మకం ఎక్కువ కాబట్టి ధర కూడా ఎక్కువ రావాలని అకెర్లాఫ్ లెక్క. కానీ స్నేహితుడి దగ్గర గట్టిగా బేరం ఆడలేమని అకెర్లాఫ్ ఎక్కడా రాసినట్టు లేదు. కంపెనీ ఏ రోజైనా ఈ ఐడీని మూసెయ్యొచ్చు, అప్పుడు ఎవరి పూచీ అని ఇద్దరూ ముందే మాట్లాడుకోండి అని మాత్రం పట్టుబట్టాను. నెలలోపు మూస్తే సగం తిరిగివ్వాలి, ఆ తర్వాత కొన్నవాడి ఖర్మ అని తేల్చుకున్నారు. ఆ ఆట కోసమే తెరిచిన ఈమెయిల్ కాబట్టి దాన్నీ ఇచ్చేశాడు. తన ఫోన్ నంబరు తీసేసి, వాడి నంబరు పెట్టించి, ఓటీపీ వాడి ఫోన్‌కి వచ్చిందాకా హనుమకొండ బస్టాండులో ఇద్దరూ కూర్చున్నారట.

రోజుకి రెండు గంటల చొప్పున నాలుగేళ్ళంటే దాదాపు 2,900 గంటలు. గంటకి రెండుంబావు రూపాయలు కూడా పడలేదు. 2001 నోరాత్‌లో ఒక గంట కూలి, అప్పటి మారకం లెక్కన, నూట అరవై రూపాయల దాకా ఉండేది.

సాయంత్రం వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. రూళ్ళ నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. పైన ఐడీ నంబరు, కింద ధర, మూసేస్తే సగం అన్న షరతు. "ఈ రోజు నుండి సదరు ఐడీతో నాకు గానీ నా వారసులకు గానీ ఎట్టి సంబంధం లేదు" అని రాసి ఉంది. ఆ మాట వాడికి ఎక్కడ దొరికిందో నాకు తెలుసు, తాతగారి బైనామా వాడూ చూశాడు. సాక్షులు ఇద్దరూ స్క్వాడ్‌లోని మిగతావాళ్ళు. ఒకడు అసలు పేరుతో సంతకం పెట్టాడు, రెండోవాడు ఆటలో పేరుతో.